షుగరు రోగుల నోరు చూసేదెవరు?

షుగరు ఉన్న రైతు కాలికి పుండు పడితే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. అదే రైతు పళ్లు తోముకుని ఉమ్మినప్పుడు నెత్తురు కనిపిస్తే, వేపపుల్ల గుచ్చుకుందిలే అని సరిపెట్టుకుంటారు. పన్ను కదిలితే వయసు మీద పడిందంటారు. చిగుళ్ల జబ్బు తొలి రోజుల్లో నొప్పి పెట్టకపోవడమే ఈ నిర్లక్ష్యానికి మూలం.

నిజానికి చిగుళ్ల జబ్బుకు, సాధారణంగా పెద్దవయసులో కనిపించే రెండో రకం షుగరుకు దగ్గరి సంబంధం ఉంది. రక్తంలో చక్కెర అదుపు తప్పితే క్రిములను ఎదిరించే శక్తి తగ్గుతుంది. పళ్ల మొదళ్లలో పట్టిన గారలో క్రిములు పెరిగి చిగుళ్లు వాస్తాయి. క్రమంగా చీము పట్టి, పన్నును నిలిపి ఉంచే ఎముక అరిగిపోతుంది. ఆ వాపు ప్రభావం నోటితో ఆగదు. రక్తం ద్వారా ఒళ్లంతా పాకి ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది. దానితో షుగరు ఇంకా పెరుగుతుంది. చెరువు కట్టకు రెండు గండ్లు పడితే ఒకటి మాత్రమే పూడ్చి లాభమేమిటి?

కళ్లు, మూత్రపిండాలు, నరాలు, రక్తనాళాలు దెబ్బతినడం, పుండ్లు మానకపోవడం వంటి షుగరు కష్టాల సరసన చిగుళ్ల జబ్బును ఆరవదిగా దంత శాస్త్రవేత్త హెరాల్డ్ లోయి 1993లోనే చేర్చారు. చిగుళ్లకు సరైన చికిత్స చేయిస్తే మూడు, నాలుగు నెలల్లో సగటు షుగరును తెలిపే పరీక్ష అంకె సుమారు 0.4 మేర తగ్గుతున్నట్లు తర్వాతి పరిశోధనలు తేల్చాయి. మందులు మానేయడానికి ఇది చాలదు గాని, మందులకు మంచి తోడు.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో షుగరు రోగులు 10 కోట్లకు పైబడ్డారు. 30 ఏళ్లు దాటిన వారికి గ్రామాల్లోనే రక్తపోటు, షుగరు పరీక్షలు చేసే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. నోటి క్యాన్సరు ఉందేమోనని నోరు తెరిపించి చూడడం కూడా అందులో భాగమే. తెరిచిన నోట్లో చిగుళ్లనూ చూడడానికి అదనంగా పట్టేది ఒక్క నిమిషం. నెత్తురు కారుతోందా, పళ్లు కదులుతున్నాయా అని అడిగి, అవసరమైన వారిని దంతవైద్యుని వద్దకు పంపే ఏర్పాటు అధికారులు చేయాలి. అలాగే చిగుళ్ల బాధతో వచ్చిన వారికి దంతవైద్యులు షుగరు పరీక్ష రాయడం అవసరం.

గ్రామస్థులూ కొన్ని అపోహలు వదులుకోవాలి. గార తీయిస్తే పళ్లు కదులుతాయన్నది నిజం కాదు. గార పేరుకుని చిగురు దిగిపోవడం వల్లనే అవి కదులుతాయి. ఇటుకపొడి, బొగ్గుపొడి పళ్లను అరగదీస్తాయి. మెత్తని బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోముకోవాలి. చుట్ట, బీడీ, గుట్కా చిగుళ్లకు శత్రువులు.

పళ్లు ఊడిన షుగరు రోగి జొన్నరొట్టె, వేరుశెనగలు, పచ్చికూరలు నమలలేక మెత్తటి అన్నానికీ జావకూ దిగుతాడు. షుగరు పెంచేవీ అవే. అంతదాకా రానివ్వకుండా, చిగుళ్లలో నెత్తురు కనిపించిన నాడే ఆసుపత్రికి వెళ్లడం ఉత్తమం.