ఆడని మ్యాచ్‌ల లెక్క ఎవరు తేల్చాలి?

2023 అక్టోబరు 8. మినియాపొలిస్‌లో కాన్సస్ సిటీ చీఫ్స్‌తో మ్యాచ్. మిన్నెసోటా వైకింగ్స్ రిసీవర్ జస్టిన్ జెఫర్‌సన్‌కి తొడ వెనక కండరం పట్టేసింది. అప్పటికి అయిదు మ్యాచ్‌ల్లో అతను సాధించింది 571 గజాలు. తర్వాత ఏడు మ్యాచ్‌లకు దూరం. డిసెంబరులో లాస్ వేగస్‌లో తిరిగి బరిలో దిగిన రోజే ఛాతీకి దెబ్బ తగిలి మళ్లీ బయటికి నడిచాడు. సీజన్ ముగిసేసరికి అతని ఖాతాలో 10 మ్యాచ్‌లు, 68 క్యాచ్‌లు, 1,074 గజాలు. అదే సీజన్‌లో డాలస్ ఆటగాడు సీడీ ల్యాంబ్ మొత్తం 17 మ్యాచ్‌లూ ఆడి 135 క్యాచ్‌లు, 1,749 గజాలు సాధించాడు. ఇద్దరిలో ఎవరిది మెరుగైన ఏడాది?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలికి పెద్దగా పని లేదు. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరుగెత్తి అందుకోవడం రిసీవర్ పని. ఎత్తుగడ మొదలైన గీత నుంచి ఆ బంతితో ఎంత దూరం ముందుకు చేరితే అన్ని గజాలు. ఐపీఎల్ లీగ్ దశలోనే ఒక్కో జట్టు 14 మ్యాచ్‌లు ఆడే రోజుల్లో, ఎన్‌ఎఫ్‌ఎల్ సీజన్ మొత్తానికి ఉన్నవి 17. అదీ 2021 నుంచి. అంతకు ముందు 16, 1978కి పూర్వం 14. కాబట్టి ఒక్క కండరం బెణికినా ఏడాదిలో సగం కొట్టుకుపోతుంది.

మొత్తం గజాలు చూస్తే ల్యాంబ్ ఎంతో ముందున్నాడు. మ్యాచ్‌ల సంఖ్యతో భాగిస్తే జెఫర్‌సన్‌ది 107.4, ల్యాంబ్‌ది 102.9. బోర్డు తిరగబడింది. ఆ ఏడాది 1,799 గజాలతో అగ్రస్థానంలో నిలిచిన మయామీ రిసీవర్ టైరీక్ హిల్ ఆడింది 16 మ్యాచ్‌లు, సగటు 112.4.

ఈ భాగహారంలోనూ ఒక మెలిక ఉంది. క్రికెట్‌లో బ్యాటింగ్ సగటును మ్యాచ్‌లతో కాక అవుటైన సార్లతో భాగిస్తారు. రిటైర్డ్ హర్ట్ అయినవాడి పరుగులు జమ అవుతాయి, అవుట్ మాత్రం పడదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఆ దయ లేదు. ఒక్క ఎత్తుగడలో పాల్గొని కుంటుకుంటూ వెళ్లినా పూర్తి మ్యాచ్ ఆడినట్టే. లాస్ వేగస్‌లో కాసేపే ఆడి 27 గజాలు చేసిన జెఫర్‌సన్‌కి అది నిండు మ్యాచ్‌గానే నమోదైంది. దాన్ని పక్కన పెడితే తొమ్మిది మ్యాచ్‌ల్లో 1,047 గజాలు. సగటు 116.3. హిల్‌నీ దాటేశాడు! మరి చీఫ్స్‌పై చేసిన 28 గజాలు? అదీ గాయపడిన మ్యాచే కదా అని అభిమానులు అడగొచ్చు. కానీ అక్కడ దెబ్బ తగిలింది చివరి క్వార్టర్‌లో. అప్పటిదాకా ఆడి 28 గజాలకే పరిమితమయ్యాడు కాబట్టి ఆ తప్పు కండరానిది కాదు. పైగా హిల్ కూడా డిసెంబరులో టెన్నెసీతో మ్యాచ్‌లో చీలమండ దెబ్బతో కొంతసేపు బయటే ఉన్నాడు. ఒకరికి ఇచ్చిన మినహాయింపు రెండోవారికీ ఇవ్వాలి. ఇలా తీసేసుకుంటూ పోతే చివరికి మనకు నచ్చిన మ్యాచ్‌లే మిగులుతాయి. అందుకే విశ్లేషకులు ఇప్పుడు మ్యాచ్‌లను వదిలి, పాస్ కోసం రిసీవర్ ఎన్నిసార్లు పరుగు తీశాడు, ఆ ఒక్కో పరుగుకీ ఎన్ని గజాలు వచ్చాయి అని లెక్క కడుతున్నారు. అన్నింట్లోకీ ఇదే న్యాయమైన కొలమానం.

సగటును 17తో గుణించి ‘ఆడి ఉంటే ఇంత చేసేవాడు’ అనడం మాత్రం మరో జూదం. 2013లో అట్లాంటా రిసీవర్ హులియో జోన్స్ అయిదు మ్యాచ్‌ల్లో 580 గజాలు చేశాక పాదం ఎముక విరిగింది. మ్యాచ్‌కి 116. అయిదు మ్యాచ్‌ల ముచ్చటను నమ్మడమెలా? 2015లో పూర్తిగా 16 మ్యాచ్‌లు ఆడి 1,871 గజాలు సాధించాడు. సగటు 116.9. కూపర్ కప్ కథ దీనికి తలకిందులు. 2021లో 1,947 గజాలు చేసిన ఈ లాస్ ఏంజెలిస్ రామ్స్ రిసీవర్, 2022లో తొమ్మిది మ్యాచ్‌ల్లో 812 చేశాక చీలమండ దెబ్బతిని ఆగిపోయాడు. గుణిస్తే 1,534. కానీ 2023లో ఆడిన 12 మ్యాచ్‌ల్లో వచ్చినవి 737, మరుసటి ఏడు మరో 12 మ్యాచ్‌ల్లో 710. 2025 మార్చిలో రామ్స్ అతన్ని వదులుకుంది. గాయపడ్డప్పుడు జోన్స్ వయసు 24, కప్‌కి 29. గుణకారానికి వయసు తెలియదు.

జట్లు ఈ జూదం ఆడక తప్పదు. ఏడు మ్యాచ్‌లు ఆడని జెఫర్‌సన్‌కి 2024 జూన్‌లో వైకింగ్స్ నాలుగేళ్లకు 14 కోట్ల డాలర్లు రాసిచ్చింది.

కెరీరే మధ్యలో తెగిపోతే లెక్క ఇంకా క్లిష్టం. గ్రీన్ బే రిసీవర్ స్టెర్లింగ్ షార్ప్ 1988 నుంచి 1994 దాకా ఏడు సీజన్లు, 112 మ్యాచ్‌లు ఆడాడు. ఒక్కటీ మానలేదు. 1992లో క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్లు మూడింటా లీగ్‌లో అతనే ప్రథముడు. 1994లో 18 టచ్‌డౌన్లు చేసి, మెడ గాయంతో 29 ఏళ్లకే ఆట మానేశాడు. మొత్తం 8,134 గజాలు. 303 మ్యాచ్‌లు ఆడిన జెర్రీ రైస్ 22,895 పక్కన అది మూడో వంతు పైచిలుకే. మ్యాచ్‌ల లెక్కన రైస్‌కి 75.6, షార్ప్‌కి 72.6. దాదాపు సమానమే అనిపిస్తుంది. కానీ రైస్ సగటులో నలభై దాటాక ఆడిన మ్యాచ్‌లూ కలిసున్నాయి. తొలి ఏడు సీజన్లే తీసుకుంటే రైస్ 108 మ్యాచ్‌ల్లో 9,072 గజాలు చేశాడు. సగటు 84. రైస్ గొప్పే. అయితే ఆ తేడా 14 వేల గజాలంత కాదు.

హాల్ ఆఫ్ ఫేమ్ ఓటర్లకు ఇది ఒంటబట్టడానికి చాలా కాలమే పట్టింది. 2017లో 78 మ్యాచ్‌లే ఆడిన రన్నింగ్ బ్యాక్ టెర్రెల్ డేవిస్‌ని లోపలికి పిలిచారు గానీ షార్ప్ ఇంకా గుమ్మం బయటే. అతని తమ్ముడు షానన్ 2011లోనే చేరాడు. మా ఇంట్లో నేను రెండో అత్యుత్తమ ఆటగాణ్ణి మాత్రమేనని అప్పటి ప్రసంగంలో చెప్పుకున్నాడు కూడా. అన్నకు పిలుపు 2025లో వచ్చింది. 595 క్యాచ్‌లు, 8,134 గజాలు, 65 టచ్‌డౌన్లు. 1994 నుంచి వాటిలో ఒక్క అంకె కూడా మారలేదు.