గగనయాత్రయు జోలెయు

కార్తికమాసము దాటిన పిమ్మట కొల్లేటి తీరమున నిలిచి ఆకాశము వంక చూచువారికి గూడబాతుల బారులు కానవచ్చును. పెద్ద ముక్కు, ముక్కు క్రింద సంచి, బరువైన మేను. నేలపై నడచునపుడు ఆ పక్షిని చూచి నవ్వని బాలుడుండడు. కాని అది గాలిలోనికి లేచిన తరువాత నవ్వువాడును లేడు. ఎండవేడిమికి పైకి లేచు గాలిని ఆధారము చేసికొని, చాచిన రెక్క చాచినట్లేయుండ, గుండ్రముగా తిరుగుచు పైపైకి పోవును. ఉత్తరదేశముల చలికి వెఱచి వేలమైళ్ళు దాటి వచ్చు పిట్టలును చలికాలమున ఈ సరస్సుననే దిగును. వానికి పెట్రోలు అక్కఱలేదు, పటము అక్కఱలేదు, ఒక రాజ్యము నుండి మఱియొక రాజ్యమునకు పోవుటకు అనుమతి పత్రమును అక్కఱలేదు.

మానవునకు ఈ మూడును కావలయును. వానితోపాటు మిక్కిలి ధనమును కావలయును. వృత్తిగా గాక వేడుకగా విమానము నడుపు కొందఱు, ఒకరిద్దఱు మాత్రమే పట్టు చిన్న విమానములలో ఖండములు దాటి యాత్రలు చేయుచు, ఆ యాత్ర పేర ఒక ధర్మకార్యమునకు విరాళములు ప్రోగుచేయుట లోకమున నేడు వాడుకయైనది. ఇది మెచ్చదగిన పనియా? లేక వేడుకకు ధర్మమను పైపూతయా?

గోదావరి పడమటి సీమకు ఈ ప్రశ్న పరాయిది కాదు. తాడేపల్లిగూడెము ప్రక్కన రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆంగ్ల ప్రభుత్వమువారు విమానములు దిగుటకై పొడవైన దారియొకటి వేయించిరి. యుద్ధము ముగిసినది, విమానములు వెళ్ళిపోయినవి, దారి మిగిలినది. 2015లో స్థాపితమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థయు ఈ యూరనే వెలసినది. అక్కడ మరల విమానములు దిగునట్లు చేయవలెనను ఆలోచనలు అప్పుడప్పుడు వినవచ్చుచునేయున్నవి. ఎప్పుడైనను దిగినచో, మొదట దిగుటకు అనువైనవి చిన్న విమానములే. కావున వానిని ఏ పనికి వినియోగింపవలెనో ముందుగా తలచుకొనుట తప్పుగాదు.

అట్టి విమానమనగా నెట్టిదో ఒక యుదాహరణముచే తెలియును. 2018 జూలై 30వ తేదీన పంజాబులోని పటియాలా నుండి ఆరోహీ పండిత్, కీథేర్ మిస్కిటా యను ఇద్దఱు యువతులు ‘మాహి’ యను విమానమున బయలుదేరిరి. బాలికల, స్త్రీల అభ్యున్నతిని లోకమునకు చాటుట వారి యాత్రోద్దేశము. మాహి బరువు ఇంచుమించు నాలుగువందల కిలోలు. అనగా నిండైన వడ్లబస్తాలు నాలుగైదింటి బరువు మాత్రమే. దాని యంత్రబలము ఒక చిన్న కారునకుండు బలమే. ఆసనములు రెండు. లేచి నిలువబడుటకు చోటు లేదు. 2019 మే నెలలో ఆరోహి ఒంటరిగా ఆ విమానమును స్కాట్లండు ఉత్తరాగ్రమునగల విక్ నుండి ఐస్‌లండు, గ్రీన్‌లండుల మీదుగా కెనడాకు నడిపి, అట్టి తేలికపాటి విమానమున అట్లాంటికు మహాసముద్రమును ఒంటరిగా దాటిన ప్రథమ మహిళ యైనది. అప్పటికామె వయస్సు ఇరువదిమూడేండ్లు. క్రింద మంచుగడ్డలు తేలు సముద్రము, పైన మేఘము. రెక్కలపై మంచు పేరుకొనినచో విమానము బరువెక్కును. అంతకన్న ముఖ్యముగా, రెక్క యాకారము చెడి దానిని పైకెత్తు శక్తి తగ్గిపోవును. పెద్ద విమానములకు ఆ మంచును కరగించు సాధనములుండును. ఇట్టి చిన్న విమానము తప్పించుకొని పోవుటయో, మంచిగాలికై రోజులకొలది వేచియుండుటయో తప్ప మార్గాంతరము లేదు.

దానకార్యమునకే నేరుగా ముడిపడిన యాత్రయును కలదు. అంబాలాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన రవి బన్సల్ 2017లో ఒంటి యంత్రపు విమానమున ఒంటరిగా యాత్ర సాగించి, పుట్టినయూరి కేన్సరు వైద్యశాలకు కావలసిన యంత్రముకొఱకు విరాళములను కోరెను.

ఇక నాక్షేపణ వినుడు. ఏలూరు కాలువగట్టున కూర్చున్న రైతు నడిగినచో అతడు చుట్ట ఆర్పి యిట్లనును: “అయ్యా, ఆసుపత్రికి యంత్రము కావలెను. మంచిది. విమానమునకు పోయు పెట్రోలు డబ్బు ఆ ఆసుపత్రికే యీయరాదా? మధ్యను ఈ ఆకాశమెందుకు?”

ఈ ప్రశ్న మోటుగా కనబడునేగాని మొద్దుప్రశ్న కాదు. తెలుగుదేశమున దానమునకు పెట్టింది పేరైన డొక్కా సీతమ్మ (1841-1909) గోదావరి పాయల నడుమ లంకల గన్నవరమున తన యింటి పంచనే కూర్చుండి, వచ్చినవారికి వేళ యనక, కులమనక అన్నము పెట్టినది. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు ఆహ్వానము వచ్చినను, అతిథులను విడిచి రాజాలనని ఆ యిల్లాలు కదలలేదని చెప్పుదురు. ఆమె చేతి గరిటె కన్న ఎత్తునకు ఏ విమానమును ఎగురలేదు. ఆ కొలతతో చూచినచో భూప్రదక్షిణములన్నియు చిన్నబోవును.

అయినను రైతు మాట పూర్తిగా నిలువదు. ఏలయనగా, ఆ పెట్రోలు డబ్బు నిచ్చినచో వైద్యశాలకు చేరునది ఒక్కని ధనము. యాత్ర వలన చేరునది పదివేలమంది ధనము. 1952లో రాయలసీమ కఱవు వచ్చినపుడును, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో మునిగినపుడును తెలుగు చలనచిత్ర నటులు వీథులలో తిరిగి విరాళములు ప్రోగుచేసిరి. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావుల వంటివారు తమ సొమ్మునుమాత్రమిచ్చి యింట కూర్చుండవచ్చును గదా! కఱవు సంగతి, ఉప్పెన సంగతి ప్రజలకు తెలియకపోలేదు. పత్రికలలో చదివి, నిట్టూర్చి, పత్రికను మడిచి ప్రక్కన పెట్టినవారే యెక్కువ. జోలె గుమ్మములోనికి వచ్చిన తరువాతనే చేయి మొలనున్న సంచి వెదకినది. మనస్సునకు కదలిక కావలెను. అది నటుని ముఖమైనను సరియే, సముద్రముపై ఒంటరిగా ఎగురు బాలిక వార్తయైనను సరియే.

కాని జోలె పట్టిన నటునకును, విమానమెక్కిన దాతకును ఒక భేదము కలదు. నటుడు వీథి తిరుగుటకు పెద్దవ్యయము లేదు. విమానము గంటగంటకు ధనమును మండించును. కావున యాత్రావ్యయమంతయు యాత్రికుడు తన సొంతమునుండియే భరింపవలెను. జోలెలో పడినది పడినట్లు ధర్మకార్యమునకు చేరవలెను. లెక్క బహిరంగముగా చూపవలెను. ఒక వృద్ధురాలు కేన్సరు రోగికని యిచ్చిన పదిరూపాయలతో ఒకడు మేఘములలో విహరించుట దానము గాదు, మోసము.

మఱియొక మాట కూడ గలదు. దీనిని యాత్రికులు సాధారణముగా మఱతురు. చిన్న విమానము సముద్రమున పడినచో దానిని వెదకుటకు ఓడలును, పెద్ద విమానములును బయలుదేరవలెను. వెదకువారి ప్రాణములును అపాయమున పడును. ఒకని సాహసమునకు ధర చెల్లించువారు పలువురు. అందుచేత వాతావరణము బాగుగా లేనినాడు, “విరాళములిచ్చినవారు ఎదురుచూచుచున్నారు” అని ఎగురబూనుట వీరత్వము గాదు. విమానశాలలోనే పదిదినములు ఊరక కూర్చుండగలవాడే అట్టి యాత్రకు అర్హుడు. పత్రికలవారు మాత్రము అట్లు కూర్చున్నవాని చిత్రమును వేయరు.

సాహసమునందే దానము ఇమిడియున్న ముచ్చట యొకటి భారత వాయుయాన చరిత్రలో కలదు. ఇంగ్లండు, ఇండియాల నడుమ ఒంటరిగా విమానము నడిపిన మొదటి భారతీయునకు 500 పౌనుల బహుమాన మిత్తునని ఆగాఖాను ప్రకటించెను. 1930లో జె.ఆర్.డి. టాటా కరాచి నుండి పడమరకు బయలుదేరెను. పదునేడేండ్ల ఆస్పీ ఇంజనీరు ఇంగ్లండు నుండి తూర్పునకు వచ్చుచుండెను. ఇరువురును ఈజిప్టు దేశమున అబూకీరు వద్ద కలిసికొనిరి. ఆస్పీ దిగులుగా కూర్చుండియుండెను. యంత్రములోని స్పార్కు ప్లగ్గులు చెడినవి, మారుప్లగ్గులు లేవు. టాటా వద్ద అదనముగా నున్నవి. ఇయ్యకున్నచో పోటీలో గెలుపు తనదగుట కవకాశము మెండు. అతడు ఇచ్చివేసెను. ఆస్పీ తన వద్దనున్న ప్రాణరక్షక కవచమును టాటాకు కృతజ్ఞతగా నిచ్చెను. బహుమానమును ఆస్పీయే గెలిచెను. ఆ బాలుడే తరువాత 1960లో భారత వైమానిక దళాధిపతి యయ్యెను.

ఇక విరాళము ప్రోగుచేయు విమానము కన్న, తానే సేవచేయు విమానము మేలనుటలో సందేహము లేదు. ఆస్ట్రేలియా ఎడారులలో ఒంటరి పల్లెలకు వైద్యుని చేర్చుటకై జాన్ ఫ్లిన్ అను మతాచార్యుడు 1928లో ఎగిరెడు వైద్యసేవను ఆరంభించెను. అది నేటికిని సాగుచున్నది. కొల్లేటి సీమకు అట్టి విమానము తగునా యనిన, తగదనియే చెప్పవలెను. బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సు నిండినపుడు, ఉప్పుటేరు ఆ నీటిని వెంటనే సముద్రమునకు దింపలేదు. లంకగ్రామములకు దారులు మునుగును. అచట విమానము దిగుటకు చోటేది? ఆస్ట్రేలియా ఎడారికి విమానమెట్టిదో కొల్లేటికి పడవ యట్టిది. మందులతోను, వైద్యునితోను సిద్ధముగా నుండు మంచి యంత్రపుపడవ కావలెను.

ఆ పడవకై ఎవరైన తాడేపల్లిగూడెము నుండి ఒక చిన్న విమానమున దేశయాత్ర చేయుదుమనినచో, పై నియమములకు లోబడినంతవఱకు, రైతుకూడ కాదనడు. ఒక్క సంగతి మాత్రము వారు ఎఱిగియుండవలెను. గూడబాతు నాలుగైదు కిలోల బరువుండును. గంటకు రెండువందల కిలోమీటర్ల వేగమున పోవు విమానపు అద్దమునకు అది తగిలినచో పక్షియు మిగులదు, అద్దమును మిగులదు. 1999లో ప్రభుత్వము కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించినది పక్షులకొఱకే. కావున చలికాలమున బయలుదేరు విమానము ఆటపాక గూళ్ళమీదుగా తిన్నగా పోరాదు. ఎండ ముదిరి పక్షులు పైకి లేవకమునుపే, తెల్లవాఱుజామున లేచి, సరస్సును ఎడముగా విడిచి చుట్టుదారిని పోవలెను. అందుకు కొంచెము పెట్రోలు ఎక్కువ పట్టును. అదియు యాత్రికుని లెక్కలోనే వ్రాసికొనవలెను.