ప్యాకింగ్ మీద ప్యాకింగ్

పోయిన సంచికలో నామినేషన్ ఫారాల గురించి రాసినదానికి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటికి జవాబులు వచ్చేసారి. ఈసారి బ్యాంకు గొడవ పక్కన పెట్టి మా ఇంటి బండి గొడవ చెప్పుకుంటాను. "బి.కాం. చదివిన మీకు ఇంజిన్ల సంగతి ఎందుకండీ?" అని మా ఆవిడ అప్పుడే అడిగేసింది. చదివాక మీరూ అడగవచ్చు.

మా నాన్నగారు కొన్న అంబాసిడర్ ఇంకా మా దగ్గరే ఉంది. 1988 మోడల్, పెట్రోలు బండి. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. మేము మాత్రం ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ తిరగరాయించుకుంటూ నెట్టుకొస్తున్నాం. ఇది పాతవస్తువుల మీద మోజు కాదు. ఏళాయిరంపన్నైలో ఉన్న మా అమ్మకు ఎనభై నాలుగేళ్ళు. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఈనాటి కార్లలో వంగి దూరి కూర్చోవడం ఆమెవల్ల కాదు. అంబాసిడర్‌లో అయితే వీపు తిప్పి సీటు మీద కూర్చుని, తర్వాత ఒక్కొక్క కాలే లోపలికి తీసుకుంటుంది. కంటి ఆపరేషనుకు ఆమెను మధురై తీసుకెళ్ళాలి. తేదీ ఖాయమైంది. సరిగ్గా అప్పుడే బండి మొరాయించింది.

మే నెల. మధురై నుంచి ఊరికి బయలుదేరాను. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజిన్ కూడా ఆగిపోతోంది. స్లో నిలబడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడానికి లేదు. సాత్తూరు దాటాక ఎత్తు ఎక్కుతుంటే బానెట్ లోపల "టప్" మని పేలింది. ఆగి చూస్తే పెట్రోలు వాసన. ఎయిర్ ఫిల్టరు మూత సగం లేచి ఉంది. వెనకటి డ్రైవర్లు చేసినట్టే ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేసి, అరగంట ఆగి, మెల్లగా నడిపించాను.

మా వైపు ఊళ్ళు తెలిసినవారికి నేనెందుకు భయపడ్డానో వేరే చెప్పనక్కర్లేదు. ఏళాయిరంపన్నై చుట్టూ అగ్గిపెట్టెల పని, బాణసంచా పని. 2021 ఫిబ్రవరిలో దగ్గరలోని అచ్చన్‌కుళంలో బాణసంచా ఫ్యాక్టరీ పేలి ఎన్నో ప్రాణాలు పోయాయి. అలాంటి వీధుల్లోకి కార్బురేటర్ నోట నిప్పు కక్కే బండిని ఎవరు తీసుకెళ్తారు? ఊరి బయటే చెట్టు కింద ఆపి ఇంటికి నడిచిపోయాను.

తూకానికి అమ్మేయమని తమ్ముడు అన్నాడు. అంతకు నాలుగు నెలల ముందు ఒక షాపులో (పేరు అనవసరం) ఇదే జబ్బుకు "ప్యాకింగ్ పోయింది సార్" అని చెప్పి వెయ్యి పైచిలుకు తీసుకున్నారు. అది గుర్తొచ్చి నాకూ ఒక క్షణం అమ్మేద్దామనే అనిపించింది. చివరికి కోవిల్‌పట్టిలో మా అమ్మ తరఫు దూరపు చుట్టం ఒకాయనకు ఫోను చేశాను. డెబ్బై దాటినవాడు, బస్సు కంపెనీల్లో పనిచేసి రిటైరైన మెకానిక్కు. నాకు మామ వరస.

మామ వచ్చి ముందు ఏమీ విప్పలేదు. ఇంజిన్ ఆన్ చేయించి, మూరెడు రబ్బరు ట్యూబు ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని రెండో కొనను మానిఫోల్డ్ చుట్టూ తిప్పాడు. ఒకచోట ఆగాడు. అక్కడ సబ్బునీళ్ళు చిలకరించాడు. మరుక్షణం ఇంజిన్ గొంతు మారింది, నీళ్ళు లోపలికి పీల్చుకుపోయాయి. "ఇంజను సరిగానే ఉండాది అల్లుడా. దొంగగాలి తాగతా ఉండాది" అన్నాడు. కొందరు ఈ పరీక్షకు పెట్రోలు చిమ్ముతారట. వేడి ఇంజిన్ మీద అంతకన్నా పిచ్చిపని లేదని మామ తిట్టాడు.

దొంగగాలి అంటే ఏమిటో నాకు అర్థమైన మేరకు చెబుతాను. ఒక లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి. ఆ గాలి కార్బురేటర్ గుండా వెళుతూ తనకు తగినంత పెట్రోలును తానే లాక్కుంటుంది. ప్రతి పద్దుకూ ఎదురు పద్దు ఉన్నట్టు. కార్బురేటర్ దాటాక ఇంజిన్ వరకు గాలిని, పెట్రోలును కలిపి మోసే గొట్టమే ఇన్‌టేక్ మానిఫోల్డ్. అందులో పగులు ఉంటే బయటిగాలి అక్కడినుంచి దూరుతుంది. దానికి ఎదురు పద్దు లేదు, పెట్రోలు లేదు. మిశ్రమం పలచబడి మెల్లగా మండుతుంది. ఇన్‌టేక్ వాల్వు మళ్ళీ తెరుచుకునేసరికి ఇంకా మండుతూనే ఉంటే మంట వెనక్కి, కార్బురేటర్ వైపు తన్నుతుంది. నేను విన్న "టప్" అదే. అందుకే ఎయిర్ ఫిల్టరు తీసేసి బండి నడపకూడదు, అలా తన్నిన మంటకు అది కొంత అడ్డు. పైగా ఈనాటి పెట్రోలులో 20 శాతం ఎథనాల్. దాని అణువులోనే ఆక్సిజన్ ఉండటంవల్ల పాత కార్బురేటర్లలో మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది. అసలే కొరత, దాని మీద ఇదొకటి.

మానిఫోల్డ్ విప్పాక అసలు సంగతి బయటపడింది. అంబాసిడర్ పాత ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్టు రెండూ ఒకే పక్కన ఉంటాయి. నాలుగు సిలిండర్లకు గాలి పోయే ద్వారాలు రెండే. ఒక్కొక్కటి ఇద్దరికి వడ్డించాలి. పొగ వచ్చేవి మూడు. ఈ ఐదింటికీ కలిపి ఒకటే ప్యాకింగ్. ఇన్‌టేక్‌నూ ఎగ్జాస్టునూ పక్కపక్కన పెట్టి, రెండింటి అంచుల మీదా కూర్చునే మందపాటి వాషర్లు వేసి నట్టు బిగిస్తారు. అంటే ఒకే వాషరు సగం దీని మీద, సగం దాని మీద. రెండు అంచులూ సమానమైన మందం ఉంటేనే రెండూ సమానంగా నొక్కుకుంటాయి.

వెనకటి షాపువారు చేసింది ఏమిటంటే, ఇన్‌టేక్ దగ్గర గాలి లీకవుతోందని దాని కింద మాత్రం అదనంగా ఒక ప్యాకింగ్ ముక్క కత్తిరించి పెట్టారు. ఇన్‌టేక్ ఎత్తయింది. వాషర్లు వాలిపోయి బరువంతా దాని మీదే పడింది. ఎగ్జాస్టు వదులై పొగ చప్పుడు చేస్తే, అది ఆగేదాకా నట్టు బిగించారు. ఇన్‌టేక్ అల్యూమినియం పోత, ఇంజిన్ హెడ్ పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. కదలడానికి చోటులేక స్టడ్డు చెవి దగ్గర నుంచి బొటనవేలంత పగులు. దాని మీద లాంబి పూశారు. అది పెట్రోలుకు, వేడికి మెత్తబడి ఊడింది. మందు అనుకున్నదే జబ్బు తెచ్చిందన్నమాట. వసూలుకాని అప్పు మీద ఇంకో అప్పు ఇచ్చి పుస్తకాల్లో బాగున్నట్టు చూపించే పద్ధతి మా వృత్తిలోనూ ఉంది కనుక నేను ఎక్కువ మాట్లాడలేదు.

పాత ప్యాకింగ్ గీకేటప్పుడు మామ దాన్ని ముందు నీళ్ళతో తడిపాడు. వెనకటి ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ తెస్తుంది. పొడిగా గీకకూడదు, గాలిపైపుతో ఊదకూడదు. ఇళ్ళలో పాత బండ్లు ఉన్నవారు దీన్ని గుర్తుపెట్టుకోండి.

పగులు అతకడం లేతు షాపు పక్కనున్న ఆర్గాన్ వెల్డింగ్ కుర్రాడి పని. ముందు పగులు రెండు కొసల దగ్గరా సన్నని రంధ్రాలు వేశాడు, పగులు ఇంకా పాకకుండా. తర్వాత దాని పొడవునా లోతుగా గాడి కోశాడు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది కానీ, దాని మీద పట్టే పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. అందుకే ఆ పొరను బ్రష్షుతో గీకి, నూనె జిడ్డు పూర్తిగా పోయేదాకా కడిగి, ముక్కను ముందుగా వేడిచేసి గాని అంటించలేదు. అయ్యాక వేడి బూడిదలో పూడ్చి మెల్లగా చల్లారనిచ్చారు. నాకు తొందర. మామకు లేదు.

ఆ తర్వాత పనే నాకు నచ్చింది. ఇన్‌టేక్‌ను ఒక్కదాన్నే కాకుండా ఎగ్జాస్టుతో కలిపి బిగించి, ఐదు ముఖాలూ ఒకే మట్టానికి చెక్కించాడు. స్టీలు పట్టీ ఆనించి, కింద ఫీలర్ గేజి దూర్చి చూసి, వాషర్లు కూర్చునే మందాలు రెండూ సమానంగా ఉన్నాయో లేదో కొలిచాడు. హెడ్ దగ్గర ఒకటే కొత్త ప్యాకింగ్. నట్లు మధ్య నుంచి చివరలకు, మూడు విడతల్లో బిగించాడు.

మరి మేనెల వేడి సంగతి? పెట్రోలులో 40 డిగ్రీలలోపే మరిగే భాగాలు ఉన్నాయి. కింద ఎగ్జాస్టు కొలిమిలా ఉంటే పైన కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు కుతకుతలాడుతుంది. వేడి ఆపే ప్యాకింగ్ ఇక్కడ కావాలి. మా బండిలో ఉండాల్సిన దిమ్మను ఎవరో ఎప్పుడో తీసి పారేసినట్టున్నారు. మామ హైలం షీటు నుంచి కొత్తది కోయించాడు. గుడ్డ పొరలో కాగితం పొరలో బేకలైట్ జాతి జిగురులో తడిపి, వేడి మీద అణచి చేసే షీటు ఇది. బేకలైట్‌ను లియో బేకలాండ్ 1907లో కనిపెట్టాడు. ఇక హైలం హైదరాబాదు సరుకు, సనత్‌నగర్ ఫ్యాక్టరీ పేరు షీటుకే పేరైపోయింది. కోవిల్‌పట్టి లేతు షాపులో తమిళ కుర్రాడి నోట ఆ మాట వింటే ఎందుకో సంతోషమేసింది.

అల్యూమినియంతో పోలిస్తే అది వేడిని వందల రెట్లు తక్కువగా పోనిస్తుంది. "అయితే హెడ్ దగ్గర కూడా ఇదే వేద్దాం మామా" అన్నాను, కామర్సు బుర్ర కదా. "ఆడ ఎగ్జాస్టు వేడికి బొగ్గయిపోతుంది. ఇది కార్బురేటర్ కిందే" అన్నాడు. దిమ్మకు పైనా కిందా పలచని ప్యాకింగులు, పొడవైన స్టడ్లు, ఎగ్జాస్టుకు కార్బురేటర్‌కు మధ్య ఒక రేకు. కార్బురేటర్ కాస్త ఎత్తయింది కనుక బానెట్ మూసినప్పుడు ఫిల్టరు తగలకుండా, యాక్సిలరేటర్ కడ్డీ పట్టేయకుండా సరిచూశాడు.

ఇప్పటి కార్లు ఉన్నవారికి ఒక మాట. వాటిలో చాలావాటికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ నైలాన్ ప్లాస్టిక్‌ది. వేడి దానంతటదే తక్కువ పాకుతుంది. పగిలితే అతుకులు పెట్టకుండా మార్చడమే మంచిది. దొంగగాలి దూరితే మీటర్ల దగ్గర ఇంజిన్ దీపం వెలగవచ్చు. దాన్ని పట్టించుకోకుండా నెలలు తిరిగే స్నేహితులు నాకు ఉన్నారు.

అన్నీ కలిపి 3,450 రూపాయలు అయ్యాయి. మామ తన కూలి తీసుకోలేదు. కిందటి షాపు బిల్లు కూడా కలిపితే ఎంతో నేను కూడలేదు.

అమ్మ వీపు తిప్పి కూర్చుని కాళ్ళు లోపలికి తీసుకుంది. దారిలో బండి ఎక్కడా ఆగలేదు, పేలలేదు. ఒకసారి వేడెక్కి చల్లారాక నట్లు మళ్ళీ చూడాలని మామ చెప్పి పంపాడు. మర్నాడు ఉదయం, కంటికి కట్టుతో అమ్మ ఆసుపత్రి వరండాలో కాఫీ తాగుతుండగా నేను బానెట్ ఎత్తి స్పానరు వేశాను. ఆరింటిలో రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.