సీసా మీద పేరు కప్పేస్తే...

ముందుగా మీకో చిన్న పరీక్ష.

వచ్చే శుక్రవారం మీ ఊరి హాలుకి ఒక సినిమా వస్తుందనుకోండి. వాల్ పోస్టరు లేదు. టైటిల్స్ లేవు. అందరూ కొత్త ముఖాలే. డైరెక్టరెవరో చెప్పరు, సంగీతం ఎవరిదో చెప్పరు, ఎన్ని కోట్లయిందో అసలే చెప్పరు. సినిమా అయ్యాక బయటికొచ్చి బావుందో బాగోలేదో మీరే చెప్పాలి. పక్క సీటు వాడి మొహం చూసి చెప్పకూడదు.

కష్టం కదూ?

ఆ కష్టం ఎలా ఉంటుందో నాకు మొన్న సంక్రాంతి వెళ్లిన వారం తెలిసొచ్చింది. అయితే సినిమా హాల్లో కాదు, యానాంలో. సినిమాతో కాదు... ఫ్రెంచి రెడ్ వైనుతో!

'అయ్యో, ఈయన కూడా చెడిపోయాడు' అని అప్పుడే పేజీ తిప్పేయకండి. కథ చివరిదాకా వింటే ఎవరు చెడిపోయారో, ఎప్పుడు చెడిపోయారో మీకే తెలుస్తుంది.

*

మాదో చిన్న జట్టు ఉంది. అమలాపురంలో లెక్చరరుగారొకరు, కొత్తపేటలో ఫోటో స్టూడియో నడిపే మిత్రుడొకడు, రాజోలు నుంచి కొబ్బరి వ్యాపారం చేసే పెద్దమనిషి ఒకరు, ఇంకా ఇద్దరు ముగ్గురు. నెలకోసారి ఎవరో ఒకరింట్లో చేరి సినిమా చూడటం, ఆ తర్వాత గొంతులు బొంగురు పోయేదాకా కొట్లాడుకోవడం మా కార్యక్రమం. ఈసారి పిలుపు యానాం నుంచి వచ్చింది.

యానాం సంగతి కోనసీమ వాళ్లకి నేను చెప్పాలా? ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కి గోదారి దాటితే యానామే. 1954 దాకా అది ఫ్రెంచి వాళ్ల ఊరు. ఇంగ్లీషు ఇండియాలో బాల్యవివాహాలు కూడదని శారదా చట్టం వచ్చినప్పుడు, చుట్టుపక్కల వాళ్లు పిల్లల్ని చంకనెత్తుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేసేసేవారు. కల్యాణపురం అనే పేరు అలా వచ్చిందే. మన వైపు 1995లో రామారావుగారి ప్రభుత్వం మద్యనిషేధం పెట్టి, 1997లో అది ఎత్తేసేదాకా యానాం బస్సులు ఎందుకు కిటకిటలాడాయో పెద్దవాళ్లనడగండి, నవ్వి ఊరుకుంటారు.

మమ్మల్ని పిలిచిన బాబాయిగారిది పాతకాలపు యానాం కుటుంబం. ఇంట్లో ఇప్పటికీ 'బోంజూర్' అని పలకరించి, ఆ వెంటనే 'రండ్రండి, పెసరట్టు వేడిగా ఉంది' అంటారు. వాళ్లమ్మాయీ అల్లుడూ ఫ్రాన్సులో ఉద్యోగాలు చేస్తున్నారు. పండక్కి వస్తూ మనిషికి 2 లీటర్ల లెక్కన, కస్టమ్స్ వాళ్లు ఒప్పుకునే మేరకే, 750 మిల్లీలీటర్ల సీసాలు 5 తెచ్చారు.

'అన్నయ్యా, మీరంతా సినిమాల మీద తీర్పులిస్తారట కదా! వీటి మీద కూడా ఇవ్వండి చూద్దాం' అంది ఆ అమ్మాయి.

చూస్తే సీసాలన్నిటికీ న్యూస్ పేపరు చుట్టేసి రబ్బరు బ్యాండ్లు వేసుంది. పేరు కనబడదు. పైన 1 నుంచి 5 దాకా అంకెలు మాత్రమే. చిన్నప్పుడు దాగుడుమూతల్లో మన కళ్లకి గంతలు కట్టేవాళ్లు. ఈ ఆటలో గంతలు సీసాకి కడతారన్నమాట!

*

ఇందులో పద్ధతి ఉందండోయ్. మన సినిమాల్లో విలన్ గారు తాగినట్టు గటగటా తాగేస్తే సున్నా మార్కులు. ముందు గ్లాసు ఒంచి తెల్లకాగితం మీద రంగు చూడాలి. తర్వాత గ్లాసుని గుండ్రంగా తిప్పి వాసన పీల్చాలి. ఆ పైన ఒక్క గుక్క నోట్లో పోసుకుని, నాలుక మీద అటూ ఇటూ తిప్పి... ఉమ్మెయ్యాలి.

అవును, ఉమ్మెయ్యాలి. పక్కనే దానికోసం ఒక స్టీలు బకెట్టు పెట్టారు. 'ఇంత దూరం విమానమెక్కించి తెచ్చింది బకెట్లో పొయ్యడానికా?' అని మా స్టూడియో మిత్రుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ అసలు పరీక్షకులు అలాగే చేస్తారట. లేకపోతే మూడో సీసాకే అన్నీ అమృతంలా ఉంటాయి. 2 రోజుల ముందే మేమంతా ఒక ఒప్పందానికొచ్చాం: బస్సులో వెళ్లడం, బస్సులోనే రావడం. బండి తాళాలు ఇంటి దగ్గరే.

ద్రాక్షరసానికి ఆ ఎర్రరంగు తొక్క నుంచి వస్తుంది. తొక్కా గింజా కలిసి వగరునిస్తాయి. వగరంటే మనకు తెలియనిదా? నేరేడుపండు తిన్నాక నాలుక పిడచగట్టుకుపోతుందే, అదే. బోర్దో ప్రాంతపు వైనులో ఆ వగరు ఎక్కువ. బుర్గుండీది పీనో న్వార్ అనే ద్రాక్ష. రంగు పల్చన, గ్లాసు వెనకాల వేలు పెడితే కనబడుతుంది. బోజొలేలో పండు వాసన తేలిగ్గా, వగరు తక్కువగా ఉంటుంది. రోన్ లోయలో సిరా ద్రాక్ష కలిసినదైతే మిరియాలు దంచిన వాసనొస్తుంది. ఇవన్నీ ఆ అమ్మాయి ముందే చెప్పింది. మేం బుద్ధిగా నోట్సు రాసుకున్నాం.

ఒక్కొక్కరికి 50 మిల్లీలీటర్లు. మార్కులు 20కి. మాట్లాడుకోవడం నిషేధం.

1వ నంబరు తేలిగ్గా పోయింది, నేను 12 వేశాను. 2వ నంబరు నాకు నచ్చలేదు. 'ఉత్త వగరు, కథలో పట్టు లేదు' అని రాసి 9 పడేశాను. 3వది పల్చన, 13. 4వది మిరియాల ఘాటు, 14.

5వ సీసా తెస్తూ ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. 'ఇది కాస్త జాగ్రత్తగా చూడండి అన్నయ్యా. దీని ఖరీదు వింటే నాన్నగారు నన్ను ఇంట్లోంచి గెంటేస్తారు.'

అంతే! గదిలో గాలి మారిపోయింది. లెక్చరరుగారు కళ్లు మూసుకున్నారు. స్టూడియో మిత్రుడు బకెట్టు కాలితో దూరంగా నెట్టేశాడు. నేను పీల్చిన గాలిలో ఏవో పురాతన కోటలు, వానకి తడిసిన అడవులు, వయొలిన్లు... 'గంభీరం. లోతు. పొరలు పొరలుగా విచ్చుకుంటుంది' అని రాసి 16 వేశాను. లెక్చరరుగారు 17. స్టూడియో మిత్రుడు ఏకంగా 18!

రాజోలు పెద్దమనిషి ఒక్కరే ఏమీ రాయలేదు. ఆయన తాగరు. మొదటే చెప్పేశారు. వాసన మటుకు చూస్తానన్నారు.

'మీరేమీ మార్కులెయ్యలేదేంటి గురువుగారూ?' అనడిగాను.

'నాకు మార్కులెయ్యడం రాదండి బాబూ' అన్నారాయన. 'కానీ, రెండో సీసా, ఐదో సీసా ఒకే తోట కాయండి. ఆయ్.'

అందరం నవ్వేశాం. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. మాట్లాడకుండా పేపర్లు విప్పింది.

1 బోజొలే. 3 బుర్గుండీ. 4 రోన్. 2వ నంబరు, సూపర్ మార్కెట్లో 6 యూరోలకి కొన్న మామూలు బోర్దో. 5వ నంబరు... అక్షరాలా అదే. ఒకే పేరు, ఒకే సంవత్సరం, ఒకే ధర. 2 సీసాలు కొని తెచ్చిందట, పనిగట్టుకుని!

'ఖరీదు వింటే గెంటేస్తారని ఎందుకన్నావమ్మా?' అని లెక్చరరుగారు మండిపడ్డారు.

'ఇంత చవకది తెచ్చానని తెలిస్తే గెంటెయ్యరా మరి?' అంది.

*

మా పరువు కొంచెం దక్కించుకోవడానికి ఒక పాత సంగతి చెప్పనివ్వండి. 1976 మే 24న పారిస్ లో ఇలాంటి పోటీయే జరిగింది. స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషాయన ఏర్పాటు చేశాడు. తీర్పు చెప్పింది 9 మంది ఫ్రెంచి హేమాహేమీలు. ఫ్రెంచి సీసాల పక్కన అమెరికా కాలిఫోర్నియా సీసాలు పెట్టి, పేర్లు దాచేశారు. ఫ్రెంచివే గెలుస్తాయని ఎంత ధీమా అంటే, వచ్చిన విలేఖరి ఒక్కడే, టైమ్ పత్రిక నుంచి. చివరికి చూస్తే తెల్లవాటిలోనూ ఎర్రవాటిలోనూ మొదటి స్థానం కాలిఫోర్నియాదే! ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ 1973 ముందు, ఘనత వహించిన మూటన్ రోత్షీల్డ్ 1970 రెండోది. ఒక న్యాయనిర్ణేత అయితే తను రాసిన మార్కుల కాగితం తనకిచ్చెయ్యమని పట్టుబట్టింది. ఈ కథనే 2008లో 'బాటిల్ షాక్' అని సినిమా తీశారు. స్పరియర్ గా వేసింది అలన్ రిక్మన్. హ్యారీ పోటర్ లో స్నేప్ మేష్టారు, ఆయనే!

2001లో ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు ఇంకా చిలిపి పని చేశాడు. బోర్దోలో వైను శాస్త్రం చదువుకునే 54 మంది విద్యార్థులకి తెల్ల వైనులో రుచీ వాసనా లేని ఎర్రరంగు కలిపి ఇచ్చాడు. వాళ్లు దాన్ని ఎర్ర వైనుకి వాడే మాటలతోనే వర్ణించారు. ముక్కు కన్నా కన్ను ముందు తీర్పు చెప్పేస్తుందన్నమాట.

మనకీ ఇది కొత్త కాదు. 'పుస్తెలమ్మి అయినా పులస తినాలి' అంటాం. సముద్రంలో ఉన్నంతకాలం విలస, గోదారి ఎర్రనీటికి ఎదురీదితే పులస. మరి వేల రూపాయలు పోసి కొన్న చేప గోదారి ఎక్కిందో, ఐసుపెట్టెలో లారీ ఎక్కిందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? పులస అన్నారు కాబట్టి పులసే!

*

తిరుగు బస్సులో రాజోలు పెద్దమనిషి పక్కన కూర్చున్నాను. ఎలా కనిపెట్టారనడిగాను.

'ముప్పయ్యేళ్లుగా కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపి కొంటున్నానండి. అది ఎవరి తోటదన్నది నా చెవికి అనవసరం. పేరు చూసి కొన్న ఏడాది అంబాజీపేట మార్కెట్లో అప్పులపాలయ్యాను' అన్నారాయన. ఆ తర్వాత నిద్రపోయారు.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాను. ఈ వారం కాలం రాయడానికి అసలు కారణం అదే.

ఇలా పత్రికలకి రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక చిన్న సినిమా మీద సమీక్ష రాశాను. పేరున్నవాళ్లు ఒక్కరూ లేరు. అమలాపురంలో మ్యాట్నీకి 30 మంది కూడా లేరు. ఇరవై నిమిషాలు చూసి, టీకి లేచి, మళ్లీ లోపలికి వెళ్లలేదు. మూడు లైన్లు రాశాను. మూడూ వెటకారమే. అదే వారం పెద్ద బ్యానరు సినిమాకి ఇంటర్వెల్ లోనే మనసులో విశేషణాలు సిద్ధం చేసుకున్నాను. 'గంభీరం, లోతు, పొరలు పొరలుగా...' గుర్తుపట్టారా? ఐదో సీసాకి రాసిన మాటలే!

రెండేళ్ల కిందట ఒక రాత్రి టీవీ పెడితే ఏదో సినిమా మధ్యలో ఉంది. టైటిల్స్ చూడలేదు. ఒక తండ్రి, ఒక కూతురు, ఒక పాత పడవ. కదలకుండా కూర్చున్నాను. చివర్లో కళ్లు తుడుచుకున్నాను. అప్పుడు తెరమీద పేరు పడింది. అదే సినిమా.

ఎవరికీ చెప్పలేదు. మొన్న యానాంలో పేపరు విప్పేదాకా నాకు నేను కూడా గట్టిగా చెప్పుకోలేదు. ఆ సినిమా నా మూడు లైన్ల వల్లే నాలుగో రోజు ఎత్తేశారనుకునేంత గొప్పవాణ్ణి కాను. కానీ ఒకడు ఏళ్ల తరబడి కష్టపడి తీసింది నేను టీ చల్లారేలోపు తీసిపారేశాను. ఆ దర్శకుడి చిరునామా సంపాదించి గత వారం ఉత్తరం రాశాను. సంజాయిషీ కాదు, పూర్తిగా చూసి రాసిన సమీక్ష. జవాబు రాలేదు. ఆయన రాయాల్సిన అవసరమూ లేదు.

*

ఇక చిన్న హెచ్చరిక. మన రాష్ట్రంలో 21 నిండనివాళ్లు ఈ కాలం చదవొచ్చు, గ్లాసు పట్టడానికి చట్టం ఒప్పుకోదు. నిండినవాళ్లకి కూడా ఒక మాట. 1953లో 'దేవదాసు'లో మనల్ని ఏడిపించిన అక్కినేని ఆ మత్తు కళ్ల కోసం పట్టింది సీసా కాదు. రాత్రిపూట పెరుగన్నం తిని, నిద్ర ఆపుకుని షాట్లు చేశారు. అదే సినిమా పార్వతి, మన సావిత్రి, 1981లో ఎలా వెళ్లిపోయిందో మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఇప్పటికీ తలచుకుంటే గొంతు పూడుకుపోతుంది. తెరమీద గ్లాసులో రంగునీళ్లే ఉంటాయి. ఇంట్లో గ్లాసులో ఉండవు.

వైను లేకుండా కూడా ఈ ఆట ఆడొచ్చు. నలుగురు స్నేహితులు చేరండి. ఒకడు ఎవరికీ చెప్పకుండా ఒక సినిమా ఎంచాలి, టైటిల్స్ దాటించి వెయ్యాలి. సెల్ ఫోన్లు తీసి బల్లమీద పెట్టేయాలి. అయిపోయాక ఎవరి మార్కులు వాళ్లు కాగితం మీద రాసి, అప్పుడు చదవాలి. ఎవరి కాగితం మీద ఏముందో నాకు రాసి పంపండి.

వచ్చే వారం మా జట్టు రాజోల్లో కలుస్తోంది. సినిమా ఎంచేది కొబ్బరి పెద్దమనిషి. పేరు చెప్పనన్నారు. ఏం చూశామో, ఎవరు ఎన్ని మార్కులేశారో వచ్చే సంచికలో!