టీవీ చెప్పిన బత్తాయిలు

2020 ఏప్రిల్‌లో మా పక్కింటి వదినగారు పళ్ళబండి సాయిబును గేటు దగ్గర్నుంచే పొమ్మన్నారు. మనవడికి జ్వరమొస్తే "డబ్బులు తర్వాతేలెండమ్మా" అని బత్తాయిలిచ్చి వెళ్ళిన మనిషే!

"టీవీలో చూళ్ళేదూ? వాళ్ళే అంటిస్తున్నారట!"

ఆ 'అట'కి ఎంత బలమో చూడండి. ఢిల్లీ మర్కజ్‌లో అజాగ్రత్త జరిగింది, కాదనను. కానీ ఛానెళ్ళు రాత్రింబవళ్ళు చూపించింది జబ్బునా, టోపీనీ గడ్డాన్నీనా? మరొకడు తప్పు చేస్తే పేరు చెబుతారు, ముస్లిమైతే మతం చెబుతారు.

ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి 29 మంది విదేశీయుల మీది కేసులు కొట్టేసింది. వాళ్ళను బలిపశువుల్ని చేసి ఉండొచ్చనీ, పత్రికలూ టీవీలూ పెద్ద ప్రచారమే సాగించాయనీ అంది. ఆ తీర్పుని తలనొప్పి మాత్ర ప్రకటనంతసేపైనా చూపించి ఉంటే వదినగారి కంటపడేది కాదూ?

సాయిబు మళ్ళీ మా వీధి తొక్కలేదు. బత్తాయిలు మరీ ప్రియమైపోయాయని వదినగారు మాత్రం వాపోతూనే ఉన్నారు.