నికర ఆస్తి అంకె – దాని వెనుకనున్న ఆస్తి

ప్రభుత్వరంగ సంస్థను అమ్మజూపిన ప్రతిసారీ ఒక వాదన వినవస్తున్నది: "లెక్కల ప్రకారం దీని ఆస్తి ఇంతే, అంతకు మించి ధర పలికితే ప్రభుత్వానికి లాభమే కదా!" వినడానికి ఇది సబబుగానే తోస్తుంది. అయితే ఆ 'ఇంతే' అన్న అంకె ఎట్లా పుట్టిందో ఎరిగిన ఉద్యోగి ఈ మాటను అంత తేలికగా అంగీకరించడు.

కంపెనీల గొడవ మనకేల అనుకోరాదు. కంటైనర్ కార్పొరేషన్, ఐ.ఆర్.సి.టి.సి. వంటి రైల్వే సంస్థలే షేరు మార్కెట్టు కెక్కి ఉన్నాయి. 2004 తర్వాత చేరిన అనేకమంది ఉద్యోగుల పింఛను సొమ్ములో కొంత భాగం కంపెనీల వాటాలలోనే ఉన్నది.

వార్షిక నివేదికలోని ఆస్తి అప్పుల పట్టీలో భూములు, భవనాలు, యంత్ర సామగ్రి ఒక పద్దుగా కనబడతాయి. అక్కడ చూపేది నికర విలువ. అంటే కొన్న ధరలో నుంచి నాటివరకు రాసిన తరుగుదలను తీసివేయగా మిగిలినది. 15 లక్షలకు కొన్న యంత్రానికి 15 ఏళ్ల ఆయుర్దాయం లెక్కించి ఏటా లక్ష తరుగు రాస్తే, శేష విలువను పక్కన బెట్టినచో, 12 ఏళ్లకు పుస్తకంలో మిగిలేది 3 లక్షలు. ఆ యంత్రం ఇంకా చక్కగా పనిచేస్తూ ఉండవచ్చు. దానిని నేడు కొనాలంటే 40 లక్షలు కావచ్చు. ఈ రెండు సంగతులనూ ఆ అంకె చెప్పదు.

సొంత భూమి విషయం మరింత గమనార్హం. దానికి తరుగుదల లేదు. విలువను తిరిగి కట్టే పద్ధతిని కంపెనీ ఎంచుకోనంత వరకు, దశాబ్దాల క్రితం చెల్లించిన ధరే నేటికీ పుస్తకంలో నిలిచి ఉంటుంది. విదేశ్ సంచార్ నిగమ్ ఉదాహరణ మన కళ్లెదుట ఉన్నది. విదేశాలతో తంతి, టెలిఫోను సంబంధాలు నడిపిన ప్రభుత్వ విభాగమే 1986లో ఆ కంపెనీగా మారింది. 2002లో ప్రభుత్వం 25 శాతం వాటాను 1,439 కోట్లకు టాటాలకు అమ్మింది. పూణె, ఢిల్లీ, కలకత్తా, చెన్నై నగరాలలో దానికున్న 773 ఎకరాల మిగులు భూమిని అమ్మకం నుంచి మినహాయించవలసి వచ్చింది. ఆ భూమిని విడదీసి ప్రత్యేక కంపెనీకి అప్పగించే వ్యవహారం తేలడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. పుస్తకపు విలువే అసలు విలువ అయితే ఇంత జాగ్రత్త దేనికి?

అంకె రెండవ వైపునుంచి కూడా మోసగించగలదు. ఏటా కొత్తగా పెట్టే పెట్టుబడి తరుగుదల కంటే తక్కువైతే, సంస్థ తన పరికరాలనే తిని బతుకుతున్నదని అర్థం. 2016 తర్వాత కొత్త అకౌంటింగు ప్రమాణాలకు మారినప్పుడు, నాటి నికర విలువనే కొత్త కొనుగోలు ధరగా రాసుకునే వీలు కంపెనీలకు కలిగింది. అట్లా రాసుకున్నచోట పాత తరుగుదల పట్టికలో కనబడదు. ముసలి యంత్రం పడుచుదైపోతుంది.

రైల్వే కంపెనీ కాకపోయినా ఈ సూత్రం దానికీ వర్తిస్తుంది. కాలం చెల్లిన పట్టాలను, పెట్టెలను, సిగ్నలు పరికరాలను మార్చడానికి తరుగుదల రిజర్వు నిధి ఉన్నది. 2019-20లో దానికి జమచేసినది 400 కోట్లు మాత్రమే. 2020-21 నాటికి ఆ నిధి నుంచి మార్చవలసిన ఆస్తుల విలువ 94,873 కోట్లని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ లెక్క తేల్చారు. తీసి ఉంచవలసినది తీయకపోతే ఆ ఏటి లెక్క అందంగానే కనబడుతుంది. భారం మాత్రం గ్యాంగ్‌మన్ మీద, లోకో పైలట్ మీద, ప్రయాణికుని మీద పడుతుంది.

కనుక నివేదిక చేతికి వచ్చినప్పుడు మొదటి పేజీలోని లాభంతో ఆగవద్దు. వెనుకనున్న స్థిరాస్తుల అనుబంధ పట్టిక తెరవండి. కొన్న ధర ఎంత, ఇప్పటివరకు రాసిన తరుగు ఎంత, ఈ ఏడు కొత్తగా చేర్చినది ఎంత, భూమిని ఏనాటి ధరకు చూపారు – ఈ నాలుగు ప్రశ్నలు వేయండి. ప్రతి శాఖా సంఘంలో ఈ పట్టికను చదవగలిగినవారు ఇద్దరైనా తయారు కావాలి. యాజమాన్యంతో చర్చకు కూర్చున్నప్పుడు ఆవేశానికి తోడు అంకె కూడా మన పక్షాన ఉండాలి.