రోటరీ యంత్రమును, మన కరపత్రముల లెక్కయు



మన సంఘముల సాంవత్సరిక నివేదికలలో ఒక మాట తప్పక వినబడును: "ఈ యేడు ఇన్ని వేల కరపత్రములు పంచితిమి." అందరు చప్పట్లు కొట్టుదురు. ఎవరి చేతికి ఇచ్చితిరి, వారు చదివిరా, మరల ఎవరైనను వారి యింటికి వెళ్లిరా అని అడుగువారు లేరు. గుడివాడ బస్సుస్టాండులో వేరుసెనగకాయలు పొట్లము కట్టిన సువార్తను నేను చూచితిని. నేనును కట్టలు లెక్కపెట్టినవాడనే. తప్పు నాదియు కలదు.

ఈ లెక్కల మోజు యంత్రము నేర్పినది. పూర్వపు ముద్రణలో అక్షరములు బల్లపరుపుగా అమర్చి, ఒక్కొక్క కాగితము పెట్టి ఒత్తెడివారు. 1843లో అమెరికాలో రిచర్డ్ హో అనునాయన ఆ అచ్చును గుండ్రని దిమ్మెకు బిగించి త్రిప్పెను. 1863లో విలియం బుల్లక్, విడికాగితములకు బదులు పెద్ద కాగితపు చుట్టను ఆగకుండ నడిపించు యంత్రమునకు పేటెంటు పొందెను. నేటి దినపత్రికలు ఆ జాతి యంత్రములలోనివే.

ఆ యంత్రమును నేను నిందింపను. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు ఆ దుఃఖమును రాష్ట్రమంతటికి చాటినవి పత్రికలే. ఈనాడు పాఠకుల విరాళములతో, రామకృష్ణ మిషను తోడ్పాటుతో, పాలకాయతిప్పలో ఇండ్లు లేచెను. వారు మన మతస్థులు కారని చెప్పి తప్పించుకొనకుము. వారు వార్త చదివి ఇండ్లు కట్టిరి. మనము వార్త పంచి ఇంటికి పోతిమి.

హో యంత్రము చేసిన ఆ 1843లోనే రాబర్ట్ నోబుల్ దొర బందరులో పాఠశాల తెరచెను. తొమ్మిదేండ్లు బోధించినమీదట, 1852లో, ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందిరి. దానితో పిల్లలనేకులు బడి విడిచిరి. ఆయన మాత్రము ఊరు విడువలేదు. స్వదేశమునకు మరలక 1865లో బందరులోనే కన్నుమూసెను. మన నివేదికలో ఆ తొమ్మిదేండ్లను ఏ గడిలో వ్రాయుదుము?

"విత్తనము చల్లుటయే మన పని గదా" అందువేమో. కృష్ణ కాలువల క్రింది రైతుబిడ్డవు, నీవే చెప్పుము. ఆకుమడిలో విత్తనము చల్లి, నాటు వేయక, కలుపు తీయక, గట్టుమీద కూర్చుండువానిని రైతనుదురా? ఐతియొపీయుల మంత్రి చేతిలో యెషయా గ్రంథముండెను. అయినను ఫిలిప్పు రథమెక్కి అతని ప్రక్కన కూర్చుండవలసి వచ్చెను.

ఈ క్రిస్మసుకు కట్ట వచ్చినప్పుడు పది మాత్రమే తీసికొనుము. సంక్రాంతిలోపల ఆ పది యిండ్లకును మరల వెళ్లుము. చదువురాని అవ్వ యున్నయెడల చదివి వినిపించుము. వచ్చే నివేదికలో ఆ పది పేర్లు చదువుము. చప్పట్లు లేకపోయినను సరే.